జూన్ నెల, టైప్ 1 షుగరు (మధుమేహం) పిల్లల క్లినిక్

శనివారం.

12న బడులు తెరిచారు కాబట్టి ఈ రోజు మాటలన్నీ బడి చుట్టూనే తిరిగాయి. సెలవుల్లో పిల్లలు ఆలస్యంగా లేచి, ఆలస్యంగా తిని, రోజంతా అమ్మ కళ్ళ ముందే ఉంటారు. ఇప్పుడు ఏడింటికల్లా ఇన్సులిన్ సూది, ఎనిమిదింటికి ఆటో, మధ్యాహ్నం బడి భోజనం, సాయంత్రం ఆటలు. మే నెలలో చక్కగా కుదిరిన డోసు జూన్‌లో తప్పడం ఏటా చూసేదే. అయినా చాలా చీటీల్లో పాత డోసే మళ్ళీ రాసి పంపేస్తారు. డోసు రాసేముందు బడి గంట ఎన్నింటికి కొడతారో, అన్నం ఎన్నింటికి పెడతారో అడగాలి. ఆ సంగతి తల్లికి తెలుసు, డాక్టరుకు తెలియదు.

అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: బడిలో పెట్టే అన్నం తినొచ్చా? తినొచ్చు, లెక్క తెలిస్తే చాలు. మధ్యాహ్న భోజన పథకం కొలత ప్రకారం ఐదో తరగతి దాకా పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కానీ కొలత ప్రకారం తినే పిల్లలు ఎక్కడున్నారు? కూర నచ్చిన రోజు రెండోసారి పెట్టించుకుంటారు, నచ్చని రోజు సగం పారేస్తారు. అందుకని హస్తం (అన్నం వడ్డించే గరిటె) లెక్క నేర్పడం మేలు. ఇంట్లో ఒక హస్తం అన్నం తూచి చూస్తే, వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. గుడ్డుకు లెక్క అక్కర్లేదు. రాగిజావ ఇచ్చిన రోజు బెల్లంతో సహా లెక్కలోకి వస్తుంది, చిక్కీ కూడా అంతే. చిక్కీ చేతిలోంచి లాక్కోవాల్సిన పని లేదు. అందరూ తింటుంటే వీడొక్కడూ చూస్తూ కూర్చుంటే, రేపు ఎవరికీ చెప్పకుండా తింటాడు. చెప్పకుండా తిన్నది షుగరు అంకెలు రాసుకునే పుస్తకంలోకి రాదు.

మధ్యాహ్నం అన్నానికి ముందు ర్యాపిడ్ (తొందరగా పనిచేసే) ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు 500 సూత్రంతో మొదలుపెట్టవచ్చు. రోజు మొత్తం ఇన్సులిన్ 20 యూనిట్లయితే, 500ను 20తో భాగిస్తే 25. అంటే ఒక యూనిట్ 25 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది. 75 గ్రాములు తింటే మూడు యూనిట్లు. ఇది మొదటి అంచనా మాత్రమే. తిన్న రెండు మూడు గంటల తర్వాతి షుగరు చూసి డాక్టరు సరిచేస్తారు.

పొద్దున, రాత్రి మాత్రమే రెగ్యులర్ ఇన్సులిన్, ఎన్‌పీహెచ్ (మెల్లగా మొదలై గంటల తరబడి పనిచేసే ఇన్సులిన్) కలిపి వేసుకునే పిల్లల కష్టం వేరు. పొద్దున ఏడింటికి వేసిన ఎన్‌పీహెచ్ మధ్యాహ్నానికి బాగా పట్టులో ఉంటుంది. సరిగ్గా అప్పుడే వంట గ్యాసు అయిపోయిందనో, వంటమ్మ రాలేదనో భోజనం గంట ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, సూది మాత్రం గంట చూసుకుని పనిచేస్తుంది. వీళ్ళకు పదకొండింటి ఇంటర్వెల్‌లో రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తినే అనుమతి కావాలి. అది చీటీ మీద రాసివ్వకపోతే క్లాసులో తింటున్నాడని టీచరు తిట్టడం ఖాయం.

బడికి ఇచ్చే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. తెలుగులో, పెద్ద అక్షరాలతో. మూడు పేజీల ఇంగ్లీషు రిపోర్టు హెచ్ఎం గారి బీరువాలో భద్రంగా ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ ఒక్క పేజీలో ముందు గుర్తులు రాయాలి: వణుకు, చెమట, ఉన్నట్టుండి కోపం, మాట తడబడటం, శూన్యంలోకి చూస్తూ కూర్చోవడం. చిన్న పిల్లలు ‘ఆకలేస్తోంది’ అని కూడా అనరు, బల్ల మీద తల పెట్టి పడుకుంటారు. తర్వాత చేయాల్సింది. మీటరు ఉంటే చూడాలి, 70 కంటే తక్కువుంటే వెంటనే చక్కెర. మీటరు లేకపోతే చక్కెర ఇచ్చేయడమే, వెతుక్కుంటూ కూర్చోకూడదు. బరువులో కిలోకు 0.3 గ్రాములు. 20 కిలోల పిల్లకు 6 గ్రాములు, 30 కిలోల వాడికి 9. చిన్న చెంచాకు దాదాపు ఐదు గ్రాములు కాబట్టి ఒకటిన్నర, రెండు చెంచాలు, కాస్త నీళ్ళలో కలిపి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. స్పృహ తప్పితే నోట్లో నీళ్ళు పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. పేజీ చివర, ఎర్ర సిరాతో: షుగరు తగ్గిన పిల్లను ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు, ఆఫీసు రూముకైనా, బాత్రూముకైనా.

చక్కెర పొట్లాలు మూడు చోట్ల ఉండాలి: బ్యాగులో, టీచరు బల్ల సొరుగులో, పీఈటీ సారు దగ్గర. మూడోది అందరూ మర్చిపోతారు. కబడ్డీ రోజు అసలు అవసరం అక్కడే. ఆటకు ముందు 90 లోపుంటే ముందే కొంచెం తినాలి. ఆ రోజు పరుగెత్తే పని ఉంటే తొడలో సూది వద్దు, ఆడే కండరం దగ్గర ఇన్సులిన్ తొందరగా పట్టుకుంటుంది. బాగా ఆడిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు కాబట్టి పడుకునేముందు ఒకసారి చూడాల్సిందే.

షుగరు పడిపోయి ‘లో’ అయినప్పుడు ఇంట్లోవాళ్ళు భయపడి రెండు లడ్డూలు, పైన గ్లాసు జ్యూసు పట్టిస్తారు. రెండు గంటల్లో 300. దాన్ని చూసి హడలిపోయి అదనంగా ఇన్సులిన్. తెల్లవారుజామున మళ్ళీ లో. పుస్తకంలో ఈ మెట్లన్నీ కనిపిస్తే డాక్టరు ఇన్సులిన్ డోసు ముట్టుకోకుండా చక్కెర కొలత ఒక్కటి సరిచేస్తారు. 300 ఒక్కటే కనిపిస్తే డోసు పెంచుతారు, పిల్లకు మరిన్ని లోలు వస్తాయి.

పుస్తకం గురించి ఇంకా రాయాలి. ఈ రోజు చూసిన వాటిలో కొన్ని ముత్యాల్లా ఉన్నాయి: అన్నీ ఒకే పెన్నుతో, 110, 120, 130, ఎక్కడా కొట్టివేత లేదు, రక్తపు మరక లేదు. హెచ్‌బీఏ1సీ చూస్తే 10. అంటే మూడు నెలల సగటు షుగరు 240 దగ్గర. పుస్తకం రాసింది పిల్ల, క్రితం రాత్రి కూర్చుని. ఎందుకంటే 280 రాసినప్పుడల్లా ‘ఏం తిన్నావ్, నిజం చెప్పు’ అని నాన్న అరిచాడు, ఆసుపత్రిలో మేడం మొహం చిట్లించింది. మార్కుల కార్డులా చూస్తే పిల్లలు మార్కులు దిద్దుతారు. మీటరు మెమరీ తెరిచి పుస్తకం పక్కన పెట్టి చూడటం మంచి అలవాటే, కానీ అది దొంగను పట్టుకోవడానికి చేస్తే ఆ పిల్ల వచ్చే నెల మీటరు కూడా ఇంట్లో మర్చిపోతుంది. ‘ఎందుకు పెరిగింది’ బదులు ‘ఆ రోజు ఏం జరిగింది’ అని అడిగితే పెళ్ళి, జ్వరం, పరీక్ష, సూది వేసుకోవడం మర్చిపోవడం, అన్నీ బయటికొస్తాయి. పుస్తకంలో చివరి గడికి ‘విశేషం’ అని పేరు పెట్టి అందులో ఇవి రాయించాలి. డోసు మార్చడానికి అంకెల కన్నా ఆ గడే ఎక్కువ పనికొస్తుంది.

కొన్ని తప్పు అంకెల్లో ఎవరి అబద్ధమూ ఉండదు. మామిడిపండు తిన్న చేత్తో వేలు గుచ్చితే 90 ఉన్నది 250 చూపించవచ్చు. సీజన్ ఇంకా అయిపోలేదు కూడా. సబ్బుతో కడిగి, ఆరిన తర్వాతే గుచ్చాలి. నీళ్ళు లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండోది పెట్టాలి. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి పెడితే వానాకాలం గాలికి చెమ్మ పట్టి అంకెలు తప్పుతాయి.

సిరంజిల సంగతి ప్రతిసారీ చెప్పినా ఎక్కువ కాదు. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జ్‌లో 100 యూనిట్లు, ఆ బలానికి చేసిన సిరంజి మూత నారింజ రంగు. 40 సీసా మందును నారింజ సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది నాలుగు యూనిట్లే. షుగరు ఎందుకు తగ్గడం లేదో ఎవరికీ అర్థం కాదు. తిరగేస్తే ప్రమాదం. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్ మందును ఎర్ర సిరంజితో 10 గీత దాకా లాగితే వెళ్ళేది 25 యూనిట్లు. ఫార్మసీలో సీసాలు లేక కార్ట్రిడ్జ్‌లు ఇచ్చిన రోజు ఇలాంటివి జరుగుతాయి. అందుకే ఏ సరుకు మారినా, ఇంట్లో వాడే సిరంజి తెప్పించి, తల్లి చేతే లాగించి చూసిన తర్వాతే పంపాలి. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ తలూపుతారు.

చెయ్యి వేసి తడమాలి కూడా. పొట్ట మీద ఒకేచోట పొడిస్తే అక్కడ మెత్తటి గడ్డ కడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి పిల్లలకు ఆ చోటే ఇష్టం. గడ్డలోకి వెళ్ళిన ఇన్సులిన్ ఒకరోజు పట్టుకుంటుంది, ఒకరోజు పట్టదు. కొత్త చోటికి మార్పించిన వారం డోసు తగ్గించాల్సి రావచ్చు. ఆ మాట చెప్పకుండా మార్పిస్తే లో అవుతుంది, ‘పాత చోటే మంచిది’ అని వాళ్ళు తేల్చేసుకుంటారు.

ఫ్రిజ్ లేని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇన్సులిన్ చల్లగా ఉండటానికి వాళ్ళకు పెద్ద కుండలో ఇసుక, మధ్యలో చిన్న ముంత, ఇసుకకు రోజూ రెండుసార్లు నీళ్ళు, పైన తడిగుడ్డ, గాలి ఆడే నీడలో. సీసా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి, లేకపోతే లేబుల్ నాని ఏ మందో తెలియదు. తెలంగాణ, రాయలసీమ పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కలో నీరు ఆవిరవదు కాబట్టి అంత చల్లబడదు. అక్కడ ఒక్కో సీసానే ఇంట్లో ఉంచి, మిగతావి పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో పెట్టే ఏర్పాటు చేసుకుంటే నయం. వాడకంలో ఉన్న సీసా నాలుగు వారాల తర్వాత పారేయాల్సిందే, మందు మిగిలినా సరే. ఐసులో నేరుగా పెట్టి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

‘వాళ్ళ తాతకు మాత్రలు సరిపోతున్నాయి, వీడికి సూది ఎందుకు?’ ఈ ప్రశ్న నాయనమ్మల దగ్గర్నుంచే వస్తుంది. వాళ్ళను బయట బెంచీ మీద కూర్చోబెట్టి తల్లికి మాత్రమే పాఠం చెబితే లాభం లేదు, ఇంట్లో మాట చెల్లేది వాళ్ళదే. తాత ఒంట్లో ఇన్సులిన్ తయారవుతోంది, వీడి ఒంట్లో లేదు. అంత సూటిగా చెబితే వింటారు. మొదటి కొన్ని నెలల్లో వచ్చే ‘హనీమూన్’ గురించి కూడా ముందే చెప్పాలి. అప్పుడు రోజు మొత్తం ఇన్సులిన్ అవసరం బరువులో కిలోకు అర యూనిట్ కంటే తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో పసరు మందు ఇస్తారు, షుగరు తగ్గింది కదా అని సూది మానేస్తారు. తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాసతో ఐసీయూకి వస్తారు. వాంతులప్పుడు ‘ఏమీ తినలేదు కదా’ అని సూది పూర్తిగా మానేయడం కూడా అలాంటిదే. తినకపోయినా బేసల్ (రోజంతా మెల్లగా పనిచేసే) ఇన్సులిన్ ఆగకూడదు. మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టేవి) చూడాలి. షుగరు 250 దాటి, కీటోన్లు మధ్యస్థంగానో ఎక్కువగానో ఉండి వాంతులు ఆగకపోతే తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

ఆడపిల్ల అయితే బడిలో చెప్పవద్దంటారు, పెళ్ళి భయం. తిట్టి లాభం లేదు. ఊరంతటికీ చెప్పక్కర్లేదు, క్లాసు టీచరు, పీఈటీ, పక్క బెంచీ స్నేహితురాలు, ఈ ముగ్గురికి చెబితే చాలు అని బేరమాడితే ఒప్పుకుంటారు. ఇంట్లో కూడా సూది వేయడం ఇద్దరికి రావాలి. తల్లి పుట్టింటికి వెళ్ళినా, ఆమెకే జ్వరం వచ్చినా తండ్రి చేతులు వణకకూడదు.

ఖర్చు మాట వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో తలసీమియా, హీమోఫీలియా ఉన్నాయి, టైప్ 1 లేదు. కాబట్టి ఆ సర్టిఫికెట్‌తో వచ్చేవేవీ వీళ్ళకు రావు. స్ట్రిప్పులు చాలామంది సొంత డబ్బుతోనే కొంటారు. రోజుకు నాలుగు సార్లు చూడమని రాసేవాళ్ళు, రెండే కొనగలిగే ఇంటికి ఏ రెండో కూడా చెప్పాలి: ఒక వారం పరగడుపున, మధ్యాహ్నం, మరుసటి వారం రాత్రి భోజనానికి ముందు, పడుకునేముందు. పుస్తకం ఒక నెలలో రోజంతటి చిత్రం ఇస్తుంది. వణుకు వచ్చినప్పుడు మాత్రం లెక్క చూడకుండా స్ట్రిప్పు వాడాలి.

సోమవారం పనులు: ఆరో తరగతిలో చేరిన పిల్లలకు కొత్త బడి పేరుతో కాగితం మళ్ళీ రాయాలి, పాత బడిది అక్కడే ఉండిపోయింది. సీబీఎస్ఈ పదో తరగతి వాళ్ళకు పరీక్ష హాల్లోకి చక్కెర బిళ్ళలు, పండు, నీళ్ళసీసా తీసుకెళ్ళేందుకు సర్టిఫికెట్ (2017 నుంచి బోర్డు అనుమతి ఉంది), ఇప్పుడే మొదలుపెడితే ఫిబ్రవరిలో పరుగులు ఉండవు. వాడిన సూదులు వేయడానికి మందపాటి ప్లాస్టిక్ సీసాలు అడగాలి. పీఈటీ సార్ల ఫోన్ నంబర్లు.