హాజిరా బిళ్ల

విజయనగరంలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పుడు నా సంచిలో భూతద్దం, బంగారం తూచే చిన్న కాటా, నాలుగు మెత్తని గుడ్డముక్కలు ఉన్నాయి. వాటిని చూసి పక్క బెర్తు పెద్దాయన, “నగల వ్యాపారమా?” అని అడిగారు. అస్సాం తేయాకు తోటల్లో ఒకప్పుడు కూలీలకిచ్చిన ఇత్తడి బిళ్లలు ఏరడానికి వెళుతున్నానని చెప్పాను. ఆయన జాలిగా చూసి, తన పులిహోరలో సగం నాకు పెట్టారు.

దిబ్రూగఢ్‌కు దాదాపు రెండు రోజుల ప్రయాణం. ఈ దిక్కుకు మనవాళ్లు నాకంటే చాలా ముందే వెళ్లారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలను తీసుకుపోయేవారు. కలకత్తా నుంచి రైల్లో గోవాలందో రేవుకు, అక్కడి నుంచి స్టీమర్లో బ్రహ్మపుత్ర మీద ఎగువకు. కలరా సోకి దారిలోనే పోయినవారు ఎందరో. నెలకు మగవారికి 5, ఆడవారికి 4, పిల్లలకు 3 రూపాయలు కనీస జీతమని 1865లో చట్టం చేశారు. పిల్లలకూ ఒక రేటు కట్టిన ఆ బుద్ధికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మారుమూల తోటలకు చిల్లర నాణేలు చేరడం కష్టం కనుక తోటలు సొంత బిళ్లలు చేయించుకున్నాయి. గుండ్రనివి, మూడు మూలలవి, ఆరు పలకలవి, నడుమ చిల్లున్నవి. రోజు పని పూర్తి చేస్తే హాజిరా, ఆపైన చేసినదానికి టిక్కా. మన హాజరుపట్టీలో ఉన్న హాజరే ఆ హాజిరా. చదువు రాకపోయినా, చీకట్లో కొంగుముడి విప్పినా, ఏ బిళ్ల దేనికో వేళ్లకు తెలిసిపోయేది. తోట గేటు దాటితే మాత్రం అది వట్టి ఇత్తడి. గేటు దాటి పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని కూడా ఆ 1865 చట్టమే దొరలకు ఇచ్చింది.

దిబ్రూగఢ్ బజారులో ఒక పాతసామాను కొట్టతను బిస్కెట్ల డబ్బా తెచ్చి గలగలమని బల్లమీద గుమ్మరించాడు. నా గుండె వేగం పెరిగిన మాట నిజం. పదేళ్ల క్రితం ఇలాంటి గలగలకే మూడు వేలు సమర్పించుకున్నాను కాబట్టి ఈసారి భూతద్దం ముందు తీశాను. సగానికి పైగా కొత్తగా పోతపోసినవే. అంచుల మీద ఆకురాయి గీతలున్నాయి, అక్షరాల సందుల్లో పాత మురికి లేదు. ఒకే తోట పేరున్న రెండింటిని తూస్తే రెండు గ్రాములకు పైగా తేడా! “తేమ వల్ల సార్” అన్నాడు కొట్టతను, కళ్లార్పకుండా. ఆ సమాధానానికి ముచ్చటపడి, నిజమైనవని నమ్మకం కుదిరిన రెండింటికి అడిగినంతా ఇచ్చాను.

మర్నాడు నన్ను తోటలోకి తీసుకెళ్లిన ఆటో డ్రైవరు, కూలీల ఇళ్ల వరుసలో ఒక తెలుగాయన ఉన్నాడన్నాడు. ఆ వరుసలను ‘లైను’ అంటారు. పెద్దాయనకు ఎనభై ఏళ్లుంటాయి. తాత బరంపురంలో రైలెక్కాడన్నది తప్ప ఊరి పేరు తెలియదు. మాట సగం తోట కూలీలు మాట్లాడుకునే సాద్రీ, సగం మనకు తెలిసినది. “అన్నం తిన్నావా బాబూ?” అన్నది మాత్రం చెక్కుచెదరలేదు. పాలు లేని ఉప్పు టీ ఇచ్చారు. అంత ఆకు పండించే చోట ఇదేం టీ అనుకుంటూనే రెండో గ్లాసు కూడా తాగాను.

బిళ్లల సంగతి ఎత్తగానే ఆయన నడుముకున్న తాడు లాగారు. చివర ట్రంకుపెట్టె తాళంచెవి, దానికి గుచ్చిన మూడు మూలల ఇత్తడి బిళ్ల. పేరు పూర్తిగా అరిగిపోయింది. ఏ తోటదో తేలని బిళ్లకు సేకరణలో విలువ లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

“తాతగారూ, ఇది ఇస్తారా? ఎంత చెప్పినా ఇస్తాను.”

“మరి తాళంచెవి దేనికి కట్టుకోవాలి బాబూ?”

నా సంచి తాళానికున్న స్టీలు రింగు విప్పి ఇవ్వబోయాను. ఆయన దాన్ని తీసుకుని, గోటితో ఒకసారి వంచి చూసి, “గట్టిది కాదు” అని తిరిగి నా చేతిలో పెట్టారు.