3,804 మంది ఉన్న ఊళ్లో పీఆర్ తెచ్చుకున్నాను: నా అనుభవం

పోయిన వారమే నాకు కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చింది. క్లేర్స్‌హోమ్ అంటే అదెక్కడ అని అందరూ అడుగుతున్నారు కాబట్టి ముందు ఊరి సంగతి చెప్తాను. కెనడాలోని ఆల్బర్టాలో, కాల్గరీకి దక్షిణంగా సుమారు 125 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రెయిరీ (గడ్డి మైదానాల) ఊరు ఇది. చుట్టూ గోధుమ, ఆవాల చేలు, పడమటి వైపు కొండలు, ఏడాది పొడుగునా గాలి. 2011 జనగణనలో 3,758 మంది ఉంటే 2021లో 3,804. పదేళ్లలో పెరిగింది 46 మంది. ఉన్నవాళ్లలో వయసు మళ్లినవాళ్లు చాలామంది. వాళ్లను చూసుకునే చేతులు చాలడం లేదు. మాలాంటి నర్సులకు తలుపు తెరిచింది అందుకే.

2019లో కెనడా ప్రభుత్వం ఈ ఊరితో కలిపి 11 ఊళ్లకు, పట్టణాలకు రూరల్ అండ్ నార్తర్న్ ఇమ్మిగ్రేషన్ పైలట్ అని ఒక ప్రయోగాత్మక పథకం పెట్టింది. ఊళ్లో ఉద్యోగం దొరికితే ఊరివాళ్లే సిఫార్సు చేసేవారు, దాంతో పీఆర్‌కు అప్లై చేసుకునే వీలుండేది. రిజిస్టర్డ్ నర్సుగా చేసిన అనుభవాన్ని నర్స్ ఎయిడ్ (రోగులను, పెద్దవాళ్లను చూసుకునే సహాయకుల) ఉద్యోగానికి కూడా లెక్కలోకి తీసుకునేవారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో నర్సుగా చేశాను కాబట్టి నాకు సరిగ్గా సరిపోయింది.

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష, డిగ్రీ మూల్యాంకనం, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'మా ఊరి గురించి ఏం తెలుసు?' అని అడిగారు. రైలు మార్గం పడ్డాక 1902 ప్రాంతంలో అమెరికా వైపు నుంచి రైతులు వచ్చి స్థిరపడటం, 1905లో పట్టణ హోదా రావడం, రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ విమాన పైలట్లకు శిక్షణ ఇవ్వడం అన్నీ చెప్పాను. 1917లో ఈ నియోజకవర్గం నుంచే లూయిస్ మెకిన్నీ ఆల్బర్టా శాసనసభకు గెలిచారని, బ్రిటిష్ సామ్రాజ్యంలో అలా చట్టసభకు ఎన్నికైన తొలి మహిళ ఆవిడేనని చెప్పేసరికి అవతలావిడ మొహం వెలిగిపోయింది. ఏ కన్సల్టెన్సీ సాయం లేకుండా నేనే చదువుకుని చెప్పాను. ఆ ఆఫర్ నా కష్టంతో వచ్చింది.

నరకం చూపించింది ఎక్స్‌పీరియన్స్ లెటర్. లెటర్‌హెడ్ మీద హోదా, చేసిన డ్యూటీలు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత అన్నీ ఉండాలి. గత మూడేళ్లలో కనీసం 1,560 గంటలు పనిచేసినట్టు తేలాలి. నా పాత ఆస్పత్రి ఇచ్చింది రెండు వాక్యాల కాగితం, అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఇంకేం లేవు. మెయిళ్లు పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే 'మా ఫార్మాట్ ఇంతే మేడమ్' అని పెట్టేసేవారు.

అప్పుడు నేను మా అత్తగారి ఊళ్లో ఉన్నాను, చంటిపాపతో కదల్లేని పరిస్థితి. మిర్యాలగూడ నుంచి నాన్న బయల్దేరారు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయిన మనిషి, ఎప్పుడూ ఎవరి చేతా మాట పడలేదు. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లోపలికి పిలవలేదు. పిలిచాక, మనవడి వయసున్న హెచ్‌ఆర్ కుర్రాడు కూర్చోమని కూడా అనకుండా, 'ఏం పెద్దాయనా, నీ కూతురు ఫారిన్ పోతే మాకేంటి? ఉన్నవాళ్లంతా ఇలా పోతే ఇక్కడ డ్యూటీలెవరు చేస్తారు?' అన్నాడట. నాన్న నాకు ఫోన్లో 'రేపు రమ్మన్నారమ్మా' అని మాత్రమే చెప్పారు. అసలు సంగతి ఆ వార్డులో ఉన్న నా స్నేహితురాలి ద్వారా తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొవిడ్‌లో పీపీఈ కిట్లు వేసుకుని, దాహం వేసినా నీళ్లు తాగకుండా డ్యూటీ చేసిన చోట మా నాన్నకు దక్కిన మర్యాద అది. నేను చేసిన పనిని చేసినట్టు రాసివ్వమన్నాను. అది నా హక్కు, వాళ్ల దయ కాదు.

చివరికి మా ఐసీయూ డాక్టరు గారు స్వయంగా హెచ్‌ఆర్‌కు ఫోన్ చేస్తే కాగితం కదిలింది. ఆయన మేలు మర్చిపోలేను. తీరా చూస్తే అందులో వారానికి 48 గంటలకు బదులు 8 గంటలని కొట్టారు! అలాగే పంపి ఉంటే నా అప్లికేషన్ పోయినట్టే. 'ఒక్క అంకెకి ఇంత గొడవేంటి' అన్నవాళ్ల దగ్గరికి నాన్న మళ్లీ వెళ్లి, దిద్దించి, స్టాంపు వేయించి తెచ్చారు.

ఆ తర్వాతంతా నల్లేరు మీద నడకే. ఊరి సిఫార్సు, వర్క్ పర్మిట్, ప్రయాణం, ఇప్పుడు పీఆర్.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న నర్సులందరికీ ఒకటే చెప్తాను. రాజీనామా ఇవ్వకముందే గంటలతో, డ్యూటీలతో లెటర్ రాయించుకోండి. వచ్చాక ప్రతి అంకె చదవండి. డ్యూటీ రోస్టర్ల ఫొటోలు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. ఎంత తిరిగినా లెటర్ ఇవ్వకపోతే, ఎందుకు లేదో వివరిస్తూ ఒక ఉత్తరం రాసి వీటిని జత చేయొచ్చు. జాబ్ ఆఫర్ ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్ల జోలికి పోవద్దు. ఆల్బర్టాలో ఉద్యోగం ఇప్పించడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. నేను వచ్చిన పైలట్ పథకంలో 2024లో దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. 2025లో దాని స్థానంలో 14 ప్రాంతాలతో రూరల్ కమ్యూనిటీ ఇమ్మిగ్రేషన్ పైలట్ మొదలైంది, అందులోనూ క్లేర్స్‌హోమ్ ఉంది. ఉద్యోగమిచ్చే సంస్థకు ఆ ఊరి గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాతే అప్లై చేయండి.