ఒక పెన్‌డ్రైవ్, అక్క వాళ్ళ పాత డిస్క్

మొదటి శనివారం

మా డ్రాయర్‌లో నాలుగు పెన్‌డ్రైవ్‌లు ఉండేవి, ఒక్కోదాంట్లో ఒక్కో ఐఎస్ఓ, అంటే కంప్యూటర్‌ను లేపే (బూట్ చేసే) సిస్టమ్ మొత్తం ఉన్న ఒకే ఫైలు. అవసరం పడిన రోజు దేంట్లో ఏముందో గుర్తుండి చావదు. అందుకే 64 జీబీది కొత్తది ఒకటి కొని వెంటాయ్ అనే ప్రోగ్రాం ఎక్కించాను. ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే చాలు, తర్వాత ఐఎస్ఓ ఫైళ్ళను పాటల్లాగా కాపీ చేసుకోవడమే. బూట్ చేయగానే అన్నీ మెనూలో వరసగా కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. కొత్తగా రెండు పార్టిషన్లు (భాగాలు) పడతాయి: పెద్దది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో, చివర్లో బూట్ కోసం 32 ఎంబీది. ఎక్స్‌ఫ్యాట్ కావడమే మంచిది. విండోస్ 11 ఐఎస్ఓ 4 జీబీ దాటుతుంది, అంత ఫైలు పాత ఫార్మాట్ ఫ్యాట్32లో పట్టదు.

పాడైన మెషీన్ల కోసం పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్ సిస్టమ్‌రెస్క్యూ, విండోస్ ఐఎస్ఓ, ర్యామ్ పరీక్షకు మెమ్‌టెస్ట్. ఇంతే పెట్టాను.

సిస్టమ్‌రెస్క్యూ సగం బూటై ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ నాసిరకం అనుకుని అరగంట దాన్నే తిట్టుకున్నాను. తీరా విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో షా256 (ఫైలు చెడిపోలేదని చూసుకునే వేలిముద్ర లాంటి కోడ్) చూస్తే, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానికీ దీనికీ పొంతనే లేదు. డౌన్‌లోడ్ మధ్యలో తెగింది. మళ్ళీ దింపితే చక్కగా లేచింది.

రెండో ఆదివారం

ఇంట్లో ఉన్న ప్రతి మెషీన్ మీదా పరీక్ష. బూట్ మెనూకి డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. చీటీ మీద రాసి పెన్‌డ్రైవ్ డబ్బాలో పెట్టాను.

సిస్టమ్‌రెస్క్యూ సెక్యూర్ బూట్‌కి (నమ్మకమైన సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని రక్షణ) సపోర్ట్ ఇవ్వదు కాబట్టి నా ఆఫీసు పనుల లాప్‌టాప్‌లో ఆ రక్షణను ఆఫ్ చేశాను. పరీక్ష బాగానే జరిగింది. తర్వాత విండోస్ ఆన్ చేస్తే నీలం తెర, బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ అడుగుతోంది. 48 అంకెలు! నాకసలు బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న సంగతే తెలియదు. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే, అదృష్టం, అక్కడ ఉంది. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు సరిచూసుకుని కొట్టాలి. ఇప్పుడు ఆ కీ కాగితం మీద బీరువాలో ఉంది. బయోస్‌లో (మెషీన్ మూల సెట్టింగుల్లో) చెయ్యి పెట్టే ముందే ఇది చేయాల్సింది.

మూడో శనివారం

అసలు పని ఈ రోజే. అక్క వాళ్ళ డెస్క్‌టాప్ విండోస్ లోగో దగ్గరే తిరుగుతోంది. 500 జీబీ హార్డ్ డిస్క్, దాంట్లో పాప అన్నప్రాశన ఫోటోలు, వేరే కాపీ లేదు. ముందు చూపించిన షాపులో ఫార్మాట్ కొడదామన్నారట. "ఒరేయ్, ఫోటోలు పోయాయంటే మీ బావ నన్ను బతకనివ్వడు" అంది అక్క.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ నడిపాను. కరెంట్ పెండింగ్ సెక్టార్ అన్న వరసలో 112. అంటే డిస్క్ చదవలేక వాయిదా వేసుకున్న సెక్టార్లు (డిస్క్ మీద డేటా ఉండే చిన్న ముక్కలు) అన్ని. ఇలాంటి డిస్క్‌ను మౌంట్ చేసి (నేరుగా తెరిచి) ఫోటోలు లాగుదామంటే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. ముందు మొత్తం డిస్క్‌కి ఇమేజ్ (ఒకే ఫైలుగా అచ్చు కాపీ) తీయాలి, ఏం వెతికినా ఆ ఇమేజ్‌లోనే.

దానికి డీడీరెస్క్యూ కమాండ్. ముందు పాత డిస్క్ పేరు, తర్వాత ఇమేజ్ ఫైలు, చివర మ్యాప్‌ఫైలు (ఎంతవరకు చదివిందో రాసుకునే చిట్టా). ఇక్కడ డిస్కుల పేర్లు తారుమారైతే పని మొత్తం చెడుతుంది. అందుకే రెండు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, తెర మీదవాటితో ఒక్కో అంకె కలిపి చూసి మరీ ఎంటర్ నొక్కాను. మొదటి రౌండ్ మైనస్ ఎన్ అనే ఆప్షన్‌తో: బాగున్న చోట్లన్నీ ముందు చదివేస్తుంది, మొండి చోట్లను గీకుతూ కూర్చోదు.

గంటన్నర అయ్యాక కరెంట్ పోయింది. వాళ్ళింట్లో యూపీఎస్ లేదు. ఫర్లేదు, మ్యాప్‌ఫైలు ఉంటే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది కదా అనుకున్నా. కానీ ఇమేజ్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద రాయించి, మ్యాప్‌ఫైలును మాత్రం పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టమ్ హోమ్ ఫోల్డర్‌లో వదిలేశాను. ఆ ఫోల్డర్ ఉండేది ర్యామ్‌లో. కరెంట్‌తోపాటే అదీ పోయింది. అక్కకి చెప్పకుండా మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి రెండూ ఎక్స్‌టర్నల్ మీదే.

మొదటి రౌండ్ మూడు గంటల పైన పట్టింది. 38 ఎంబీ మిగిలింది. రెండో రౌండ్ మైనస్ డి, మైనస్ ఆర్3తో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ దాటి నేరుగా చదువుతూ, చెడ్డ సెక్టార్లకు ఇంకో మూడు ప్రయత్నాలు. రాత్రంతా వదిలేశాను. పొద్దున కాఫీ తాగుతూ చూస్తే మిగిలింది 2 ఎంబీ లోపే.

నాలుగో శనివారం

ఇమేజ్ ఫైలును పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్‌కి ఇచ్చాను. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ దొరికింది, ఫోల్డర్లన్నీ పేర్లతో సహా. ఫోటోల ఫోల్డర్ మొత్తం వేరే డిస్క్‌కి కాపీ అయింది. మూడు ఫోటోలు కిందిసగం బూడిద రంగులో వచ్చాయి, అవి ఆ మిగిలిన 2 ఎంబీలో పడి ఉంటాయి. టెస్ట్‌డిస్క్‌కి తోడొచ్చే ఫోటోరెక్‌తో కూడా వెతకొచ్చు కానీ అది ఫైల్ సిస్టమ్‌ను (ఫైళ్ళ పేర్లు, ఫోల్డర్ల లెక్క) పట్టించుకోదు, పేర్లు పోయి నంబర్లు వస్తాయి. వేల ఫోటోలకు మళ్ళీ ఎవరు పేర్లు పెడతారు? అవసరం పడలేదు.

ఇదంతా తిరిగే డిస్క్ కాబట్టి సాగింది. ఎస్‌ఎస్‌డీలో (తిరిగే భాగాల్లేని చిప్‌ల డిస్క్) డిలీట్ చేసిన ఫైలైతే ఖాళీ చోట్లను శుభ్రం చేసే ట్రిమ్ ఎప్పుడో తుడిచేస్తుంది, ఈ పెన్‌డ్రైవ్‌తో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఫోటోలు రెండు కాపీలు చేసి ఒకటి అక్కకి ఇచ్చాను, ఒకటి నా దగ్గర. పాత డిస్క్ మీద మార్కర్‌తో ఇంటూ మార్కు కొట్టాను.

ఇక మిగిలింది తమ్ముడి లాప్‌టాప్. సిస్టమ్‌రెస్క్యూ బూట్ అవుతుంది కానీ ఎన్‌వీఎమ్ఈ డిస్క్ (ఒక రకం వేగమైన ఎస్‌ఎస్‌డీ) అసలు కనిపించట్లేదు. బయోస్‌లో స్టోరేజ్ రెయిడ్ మోడ్‌లో ఉంది, ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి. ఉన్నపళంగా మారిస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌కి (కనీస డ్రైవర్లతో లేచే పద్ధతి) పెట్టి, ఆ తర్వాత బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, అప్పుడు మామూలుకి తేవాలి. వాడి సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా ముట్టుకోనని మాటిచ్చాను.