అంతర్వేది తీర్థంలో జెయింట్ వీల్స్ పోటీ

నరసాపురం రేవులో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి ఆటోలో అంతర్వేది. మాఘ శుద్ధ దశమి రాత్రి స్వామివారి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. దర్శనం అయ్యాక నేను నేరుగా ఆటల వైపు నడిచాను.

ఎదురెదురుగా రెండు జెయింట్ వీల్స్. ఇటు మైకులో "కోనసీమలో మొట్టమొదటిసారి" అనగానే అటు వాళ్లు పాట పెంచి, లైట్ల రంగు మార్చేస్తున్నారు. పెద్ద పార్కుల్లోనూ ఇదే పోటీ, కాకపోతే నిదానంగా సాగుతుంది. అమెరికాలోని ఓర్లాండోలో యూనివర్సల్ పార్కు 2010లో హ్యారీ పోటర్ లోకం తెరిచి జనాన్ని లాక్కుంది. డిస్నీ 2011లో అవతార్ లోకం కడతామని ప్రకటించి, 2017లో తెరిచింది. అన్నేళ్లూ జనానికి దక్కింది ఊహాచిత్రాలే. తీర్థంలో అలా కుదరదు, మైకు మోగేసరికి చక్రం తిరుగుతుండాలి. ఆ తొందరలోనే పొరపాట్లు దొర్లుతాయి.

ఎక్కేముందు కింద చూడండి. ఇసుక నేల కాబట్టి కాళ్ల కింద చెక్క దుంగలు పరుస్తారు. ఒక పక్క దుంగ కుంగితే ఇరుసు వాలి, బేరింగు అరుస్తుంది. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి, నట్టు ఊడకుండా అడ్డుపెట్టే పిన్ను ఉందో లేదో గమనించాలి. మనుషుల్ని ఎక్కించే తీరులోనే ఆపరేటరు పనితనం తెలుస్తుంది. ఈ డబ్బా నింపాక దానికి సరిగ్గా ఎదురు డబ్బా నింపాలి. వరసగా ఒక పక్కే నింపితే ఆ బరువు ఎత్తలేక బెల్టు జారుతుంది, బ్రేకూ పట్టదు.

కొలంబస్‌ దగ్గర, అంటే ఉయ్యాలలా ఊగే పెద్ద పడవ దగ్గర, చాలాసేపు నిలబడ్డాను. పడవ అడుగున మోటారుతో తిరిగే టైరు ఒకటి ఉంటుంది. పడవ దాని మీదుగా వెళ్లే ప్రతిసారీ టైరు దాన్ని ముందుకు తోస్తుంది, ఆపేటప్పుడు పట్టి ఆపేదీ అదే. మాఘమాసపు మంచుకి టైరు తడిస్తే పడవ పైకి లేవదు, ఆపితే ఒక పట్టాన ఆగదు. ఆటాటకీ గుడ్డతో టైరు తుడుస్తున్న కుర్రాణ్ణి చూశాకే టికెట్టు తీసుకున్నాను. ఏ మైకూ చెప్పని మాట అది, నాకైతే అన్ని ప్రకటనల కంటే అదే ముఖ్యం.

పిల్లలుంటే నడిమి వరసలో కూర్చోండి, చివరి వరసల్లో ఊపు మరీ ఎక్కువ. తిరుగు పంటు ఎన్నింటిదాకా ఉంటుందో రేవులోనే కనుక్కుని వెళ్లండి.