ముందు ఫైలు చూపించు

మన బ్యాచ్ పూర్వ విద్యార్థుల సభకు సంచిక వేస్తున్న కమిటీ వాళ్లు ఫోను చేసి మూడేళ్ల ఎంసీఏ జ్ఞాపకాలను రెండు పేజీల్లో రాసి పంపమన్నారు. కోటు వేసుకున్న ఫొటో కూడా కావాలట. కోటు లేదు, ఫొటో పంపాను. మొదటి ఏడాది గురించి పలమనేరు (మనం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం కదా) రాస్తున్నాడని విన్నాను కాబట్టి పాత బ్లాకు మేడ మీది సంగతులన్నీ అతనికే వదిలేశాను. రెండో ఏడాదిలో పరీక్షలు రాశామన్న సంగతి మార్కుల జాబితా చూస్తేనే తెలుస్తోంది. నాకు నిజంగా గుర్తున్నది మూడో ఏడాది, అందులోనూ కింది ల్యాబ్, ఆ ల్యాబ్‌లోనూ ఫైలు సార్. మిగతా మాస్టార్లు నొచ్చుకోవద్దని మనవి.

ఆయన్ను ఫైలు సార్ అని మొదట పిలిచింది బొబ్బిలి అని ఒక వాదం, నకిరేకల్ అని మరో వాదం ఉన్నాయి. సభలో తేల్చుకోండి. ఎవరు ఏ గొడవతో వెళ్లినా సార్ అడిగేది ఒకటే: "ప్రోగ్రాం సంగతి తర్వాత, ముందు ఫైలు చూపించు." స్క్రీన్ మీద తప్పేమిటో చదివి వినిపించబోతే వినేవారు కారు. "ఆ మాట ప్రోగ్రాం అంటోంది నాయనా, ఫైలు ఏమంటోంది?" అనేవారు.

ల్యాబ్‌లో సర్వర్ లేచిందా, పడుకుందా అని రోజూ వాకబు చేసుకునే కాలంలో ఆయన ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి అందరికీ ఎస్‌క్యూలైట్ పంచిపెట్టారు. లెక్కలు, జాబితాలు దాచుకునే డేటాబేస్ అది, మెగాబైటుకు లోపే ఉండే ప్రోగ్రాం. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఇన్‌స్టాల్ చేయడం లేదు. డేటాబేస్ అంతా ఒక్క ఫైలు. దాని పుట్టుక కథ కూడా ఆయనే చెప్పారు. రిచర్డ్ హిప్ అనే ఆయన అమెరికా నౌకాదళానికి చెందిన యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. వెనక ఇన్‌ఫార్మిక్స్ అనే డేటాబేస్ సర్వర్ ఉండేది. అది ఆగినప్పుడల్లా ఈయన ప్రోగ్రాం తప్పు చూపించేది, నౌకలో వాళ్లు ఈయన్నే అనేవారు. అసలు సర్వరే లేని డేటాబేస్ ఎందుకు ఉండకూడదనుకుని 2000 సంవత్సరంలో ఇది మొదలుపెట్టారు. హక్కులేవీ అట్టిపెట్టుకోకుండా లోకానికి ఇచ్చేశారు. ఈ కథ చెప్పి సార్ మన సర్వర్ గది తలుపు వైపు చూసేవారు. అంతకు మించి ఏమీ అనేవారు కారు, ఆ గది ఎవరి అధీనంలో ఉండేదో మీకు తెలుసు.

ఇక మెస్ బిల్లు. మన బ్యాచ్ చరిత్రలో ఇంతకు మించిన ఘట్టం లేదని నా అభిప్రాయం. వార్డెన్ గారి చేతి లెక్క మీద తిరుగుబాటు చేసి, మేమే కంప్యూటర్‌లో చేసి చూపిస్తామని చీరాల మాట ఇచ్చి వచ్చాడు. మాట అతనిది, పని అందరిది. ప్రోగ్రాం రాశాం, డబ్బాలన్నీ అందంగా వచ్చాయి. మొదటి నెల బిల్లుల ప్రింటు తీస్తే హాల్‌టికెట్ నంబరు ఉండాల్సిన చోట 7.121e+48 అని వచ్చింది. దాని కింద 7.121e+49. ఆ కిందది 7.121e+50. తన రోల్ నంబరు నాకంటే ఒకటి ఎక్కువే అయినా విలువలో పదింతలు పెద్దవాణ్నని చీరాల ఆ వారమంతా హాస్టల్‌లో ఎలా తిరిగాడో ఎవరు మరిచిపోతారు! వార్డెన్ గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రి మనవాళ్లు జావా కోడ్ మొత్తం తిరగేశారు. ప్రింటు తీసే భాగాన్ని తప్పుపట్టారు, ప్రింటర్‌ను తప్పుపట్టారు, చివరికి పరీక్షల విభాగాన్ని కూడా. పొద్దున సార్ వచ్చి కోడ్ ముఖం చూడలేదు. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, ఫైలు పేరిచ్చి, టేబుల్ ఎలా కట్టారో చూపించమన్నారు. హాల్‌టికెట్ కాలమ్ పక్కన "స్ట్రింగ్" అని ఉంది. జావాలో అక్షరాల రకానికి ఆ పేరే, నకిరేకల్ ఆ అలవాటు కొద్దీ రాసిన మాట. ఎస్‌క్యూలైట్‌కు ఆ మాట అక్షరాల రకంగా తెలియదు. కాలమ్ రకంలో టెక్స్ట్, క్యార్, క్లాబ్ వంటి మాటలుంటేనే అది అక్షరాలుగా ఉంచుతుంది. స్ట్రింగ్ అంటే సంఖ్యల వైపు మొగ్గుతుంది. పైగా ఏ రకం రాసినా వద్దనదు, తప్పు చూపదు. మన నంబరు 07121E0045. మధ్యలో ఉన్న E అక్షరం దానికి పది ఘాతంలా కనిపించింది. 7121 పక్కన నలభై అయిదు సున్నాలు. ముందున్న సున్నా కూడా ఎగిరిపోయింది. కంప్యూటర్ అచ్చంగా నియమం ప్రకారమే చేసింది.

సార్ అది బోర్డు మీద రాసి, సున్నాలు లెక్కపెట్టి చూపించి, కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టి టేబుల్‌ను మళ్లీ కట్టించారు. ఇంత వదులుగా ఉండటం మంచిదా అని పలమనేరు అడిగితే, "రకం కట్టుబాటు కావాలంటే అడిగి పెట్టుకునే రోజు వస్తుందిలే" అన్నారు. ఆ రోజు 2021లో వచ్చింది. టేబుల్ చివర స్ట్రిక్ట్ అని రాస్తే ఇప్పుడు తెలియని రకాన్ని ఒప్పుకోదు. పలమనేరూ, చూశావా?

మెస్ బిల్లు అక్కడితో వదలలేదు. రెండు వందల మందికి ముప్పై రోజుల లెక్క ఎక్కించడానికి రెండు నిమిషాలు దాకా తీసుకునేది. బొబ్బిలి కొత్త కంప్యూటర్లు కొనాలని హెచ్‌ఓడీ గారికి అర్జీ రాశాడు. సార్ అర్జీ ఆపి బోర్డు దగ్గరికి వెళ్లారు. మన హార్డ్‌డిస్క్ పళ్లెం నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. ఒక లావాదేవీ, అంటే ఒక్క విడతగా భద్రపరిచే మార్పు, డిస్క్ మీద భద్రంగా కుదురుకోవడానికి సుమారు రెండు చుట్లు. కాబట్టి సెకనుకు అరవై. ఆరు వేల వరుసలకు వంద సెకన్లు. "యంత్రం తన పని తాను చేస్తోంది, మీరే ఒక్కొక్క పూట భోజనానికీ విడివిడిగా సంతకం పెట్టించుకుంటున్నారు" అన్నారు. ముందు బిగిన్, చివర కమిట్ పెట్టించి అన్నిటినీ ఒకే లావాదేవీ చేయించారు. ఎంటర్ నొక్కి చెయ్యి తీసేలోపు అయిపోయింది. అర్జీ మాత్రం బొబ్బిలి దగ్గర ఇంకా ఉందని విన్నాను, సంచికలో వేయండి.

ఎక్స్‌టర్నల్ గారి ముందు డెమో రోజు "నో సచ్ టేబుల్" అని వచ్చినప్పుడు చీరాల ముఖం చూసి తీరాలి. పొద్దున ఉన్న టేబుల్ మధ్యాహ్నానికి లేదు. ఎవరో చెరిపేశారని గుసగుసలు, అవతలి సెక్షన్ మీద అనుమానాలు. సార్ తలుపు దగ్గర నిలబడే అడిగారు: "ఫైలు ఎక్కడుంది?" వెతికితే మెస్ పేరుతో మూడు ఫైళ్లు దొరికాయి, అందులో ఒకటి సున్నా బైట్లు. డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ నుంచి నడిపితే ప్రోగ్రాం వేరే ఫోల్డర్‌లో మొదలైంది. అక్కడ ఫైలు కనబడకపోతే ఎస్‌క్యూలైట్ ఊరుకోదు, అడక్కుండా ఖాళీది ఒకటి పుట్టిస్తుంది. పూర్తి దారి రాస్తే సరిపోయింది. ఎక్స్‌టర్నల్ గారు సార్‌ను ఎన్నేళ్ల నుంచి తెలుసో, ఇద్దరూ టీ తాగడానికి వెళ్లిపోయారు.

"డేటాబేస్ ఈజ్ లాక్డ్" అంటూ ల్యాబ్ అంతా అరుస్తున్న రోజూ అంతే. అసలు దొంగ మూల కంప్యూటర్‌లో ఉన్నాడు. డేటాబేస్‌ను బొమ్మలతో చూపించే బ్రౌజర్‌లో ఒక పేరు దిద్ది, సేవ్ నొక్కకుండా క్యాంటీన్‌కు పోయిన పెద్దమనిషి. పేరు రాయను, ఇప్పుడాయన కమిటీలో ఉన్నారు. ఒకే సమయంలో ఒక్కరే రాయగలరు, ఆ ఒక్కరు టీ తాగుతున్నారు.

హాస్టల్ ఖాళీ చేసినవాళ్లకు కూడా బిల్లులొచ్చిన దయ్యం బిల్లుల కథ నకిరేకల్ చెబితేనే బాగుంటుంది. సాంకేతిక భాగం మాత్రం నేను చెప్తాను. విద్యార్థుల టేబుల్‌కు బిల్లుల టేబుల్‌ను ఫారిన్ కీతో, అంటే జాబితాలో లేని విద్యార్థికి బిల్లు ఉండకూడదనే కట్టుతో, ముడివేశామనుకున్నాం. మన దగ్గరున్న వెర్షన్ ఆ మాటను చదివేది కానీ పట్టించుకునేది కాదు. 2009 అక్టోబరులో వచ్చిన 3.6.19 నుంచి పట్టించుకుంటోంది, అదీ ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే ఆదేశంతో చెబితేనే. ఈ రోజుకూ అంతే. పాత ప్రోగ్రాంలు చెడిపోకూడదని అలా ఉంచారు.

కరెంటు పోయిన సాయంత్రం మాత్రం నవ్వులాట కాదు. బిల్లులు ఎక్కుతుండగా పోయింది, ఇన్వర్టర్ సంగతి మీకు తెలిసిందే. కరెంటు వచ్చాక బొబ్బిలి ఫోల్డర్ తెరిచి, జర్నల్ అని తోక ఉన్న ఫైలును చెత్త అనుకుని తీసేశాడు. ఆ తర్వాత తెరిస్తే డేటాబేస్ పాడైందని చెప్పింది. సార్ గొంతు పెంచగా నేను విన్నది అప్పుడొక్కసారే. మార్చబోయే పేజీల పాత రూపం అంతా ఆ జర్నల్‌లోనే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి తెరిస్తే చాలు, సగంలో ఆగిన పనిని అది వెనక్కి తిప్పేస్తుంది. తీసేస్తే సగం కొత్త పేజీలు, సగం పాతవి. ఆయన కుర్చీ లాక్కుని డంప్ కమాండ్‌తో చదవగలిగినంత బయటికి తీసి, రాత్రి వాచ్‌మన్ వచ్చేదాకా కూర్చుని కొత్త ఫైలు కట్టించారు. బొబ్బిలికి తన క్యారియర్‌లోని పులిహోర పెట్టారు. అతణ్ని ఇంకేమీ అనలేదు.

తర్వాత ఎవరి దారి వారిది. నా దారి పాల సేకరణ కేంద్రాల వైపు పోయింది. అమెరికా వెళ్లనివాళ్ల జాబితాలో నా పేరు ముందుంటుందని తెలుసు. పొద్దున, సాయంత్రం రైతు పాలు తెస్తే లీటర్లు, వెన్న శాతం, ధర అన్నీ అక్కడికక్కడే ఎక్కించి చీటీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది. ఊళ్లో నెట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు, పాలు మాత్రం ఆగవు. అందుకని కేంద్రంలోని ప్రతి పెట్టెలోనూ ఎస్‌క్యూలైట్ ఫైలు, నెట్ దొరికినప్పుడు పైకి పంపడం. రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఊళ్లలో నడుస్తోంది. మా అమ్మ పాలు పోసే కేంద్రంలో కూడా. చీటీ చూసి ఆవిడ లెక్క సరిపోయిందంటే నాకు ఆ నెల జీతం సరిపోయినట్టే.

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు వచ్చి లాగ్ చదివి వినిపించబోతారు. ఫైలు చూపించమంటాను. వాళ్లు నాకు ఏ పేరు పెట్టారో అడగలేదు. ఒకచోట పొద్దుటి పాలు లెక్కలో లేవని రైతులు నిలదీశారు. కేంద్రం నిర్వాహకుడు పాత పెట్టె నుంచి కొత్త పెట్టెకు డేటాబేస్ ఫైలు కాపీ చేశాడు, పక్కనున్న వాల్ (WAL) ఫైలును వదిలేశాడు. మనం కాలేజీ నుంచి బయటపడిన 2010 జూలైలో వచ్చిన పద్ధతి ఇది. కొత్తగా రాసినవి ముందు ఆ పక్క ఫైలులోకి వెళ్తాయి, తర్వాత తీరిగ్గా అసలు ఫైలులో కలుస్తాయి. చదివేవాళ్లు, రాసేవాళ్లు ఒకరికొకరు అడ్డు రారు. కానీ అసలు ఫైలొక్కటే తీసుకుపోతే పొద్దుటి పాలు వెనకే ఉండిపోతాయి. పాత పెట్టెను ఇంకా ఎవరికీ ఇచ్చేయలేదు కాబట్టి దొరికాయి. ఇప్పుడు కాపీ పని నిర్వాహకుల చేతికి ఇవ్వకుండా, డేటాబేస్‌కు ఉన్న బ్యాకప్ సదుపాయంతో ప్రోగ్రామే చేస్తుంది.

ఇంకొకచోట, ఎంత సేపు ఆగమన్నా ఆగకుండా వెంటనే "లాక్డ్" అని వచ్చేది. అయిదు సెకన్లు ఓపిక పట్టమని టైమవుట్ పెట్టినా ఫలితం లేదని పిల్లలు తల పట్టుకున్నారు. చూస్తే, లావాదేవీ చదవడంతో మొదలై మధ్యలో రాయబోతోంది. ఈలోపు పైకి పంపే ప్రోగ్రాం రాసేసింది. చదివింది పాతబడిపోయాక ఎంత సేపు ఆగి ఏం లాభం? అందుకే అది ఆగదు. మొదట్లోనే బిగిన్ ఇమీడియట్ అంటే రాసే హక్కు ముందే దక్కుతుంది, టైమవుట్ కూడా పనిచేస్తుంది. ఇది సార్ చెప్పింది కాదు, మేమే పట్టుకున్నాం. ఆయనకు ఫోను చేసి చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆయన ఊఁ అంటే ఏమిటో రికార్డులు దిద్దించుకున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రిటైరయ్యాక సార్ సొంత ఊళ్లో రెండు గేదెలు పెట్టుకున్నారు. అక్కడి కేంద్రంలోనూ మా సాఫ్ట్‌వేరే. ఒక రోజు ఫోను చేసి, రైతుల జాబితాలో కవిత కంటే కళావతి ముందెందుకుందని అడిగారు. ళ అక్షరం యూనికోడ్‌లో ల పక్కన ఉంటుంది, ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్ల వరుసే చూస్తుంది అన్నాను. "బళ్లో నేర్పిన వరుసలో ళ హ తర్వాత కదయ్యా" అన్నారు. వరుసను మనమే నిర్ణయించి దానికి అప్పగించే వీలుందని ఇద్దరికీ తెలుసు. వారం తిరక్కుండా కాగితం మీద అక్షరాల వరుస రాసి ఫొటో పంపారు. ఆ దస్తూరీని మీరు ఇప్పటికీ పోల్చగలరు. ఆ ప్రకారమే కోడ్ రాసి ఆ మండలం వరకు పెట్టాం.

అందులో ఒక చిక్కు వచ్చింది. సార్ వరుసలో క్ష కూడా చివరి అక్షరమే. దానితో ఊరూరా లక్ష్మి పేరున్నవాళ్లంతా లలిత కిందికి దిగిపోయారు. ఎన్ని వందల లక్ష్ములో ఊహించుకోండి. ఎప్పుడూ ఉన్న చోట పేరు కనిపించక నిర్వాహకులు రోజూ ఫోన్లు చేస్తున్నారు. క్షను కకు ష ఒత్తుగానే చూద్దామని నేను, అక్షరమాలలో ఉన్నచోటే ఉండాలని ఆయన. ఆ ఫిర్యాదు మా జాబితాలో ఇంకా మూతపడలేదు. సభకు సార్‌ను మా కారులోనే తీసుకొస్తున్నాను, దారి పొడుగునా ఇదే వాదన ఉంటుంది. చీరాలా, వెనక సీటులో నువ్వు కూడా ఉంటే నా వైపు ఒక ఓటు పడుతుంది.