పిల్లలతో స్పీడ్‌వే: మార్చి నుంచి అక్టోబరు దాకా

బ్రిటన్‌లో పెరుగుతున్న మన పిల్లలకి ఊరి జట్టంటూ ఒకటి ఉండాలి. టీవీలో కనిపించే జట్టు కాదు, వాళ్ళుండే ఊళ్ళో వారం వారం ఎదురుగా ఆడే జట్టు. పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులకి టికెట్ దొరకడమే గగనం, దొరికినా నలుగురి ఖర్చు తడిసి మోపెడవుతుంది. క్రికెట్ సంగతికొస్తే ఇంట్లో ఎలాగూ అమ్మానాన్నలదే పైచేయి, పిల్లలు మన జ్ఞాపకాలు వింటూ కూర్చోవాలి. స్పీడ్‌వేలో, అంటే రెండు జట్లు చిన్న ట్రాక్ చుట్టూ మోటార్‌సైకిళ్ళ మీద పోటీపడే ఆటలో, ఆ తేడా ఉండదు. గుంటూరులో పెరిగిన తండ్రికీ గ్లాస్గోలో పుట్టిన కూతురికీ అది ఒకేలా కొత్త. ఇద్దరూ ఒకే రోజున ఓనమాలు దిద్దుతారు. అందుకే గ్లాస్గో, ఆర్మడేల్, బెర్విక్, రెడ్‌కార్, స్కంథార్ప్, పూల్, ప్లిమత్ చుట్టుపక్కల ఉన్న కుటుంబాలకి రెండో శ్రేణి స్పీడ్‌వేని గట్టిగా సిఫారసు చేస్తున్నాం. 2017 నుంచి ఈ శ్రేణిని ఛాంపియన్‌షిప్ అంటున్నారు. ఈ మధ్య సీజన్లలో ఈ ఊళ్ళన్నిటి జట్లూ అందులో పోటీ పడ్డాయి.

ఆట సంగతి ముందు చెప్పుకుందాం. మ్యాచ్‌లో ఒక్కో చిన్న పందాన్ని హీట్ అంటారు. ఒక్కో హీట్‌లో జట్టుకి ఇద్దరు చొప్పున నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు, ఎప్పుడూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో. బండి 500 సీసీ, ఒకే సిలిండర్, ఒకే గేరు, ఇంధనం మిథనాల్, బరువు 77 కిలోలకి తగ్గకూడదు. బ్రేకులు ఉండవు. పిల్లలు మొదట అడిగేది దీని గురించే, కాబట్టి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ముందున్నవాడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనకున్నవాడు వచ్చి గుద్దుతాడు. వేగం తగ్గించే పని మలుపు దగ్గర వెనక చక్రం జారడమే చేస్తుంది. ఎడమకి తిరిగేటప్పుడు ముందు చక్రం కుడివైపు చూస్తుండటం, ఎడమ కాలి బూటుకి తొడిగిన ఉక్కు తొడుగు నేలమీద రాసుకుంటూ పోవడం పిల్లలకి చూపించండి. ట్రాక్ మీద పరిచేది షేల్ అనే రాతిపొడి.

మొదటి స్థానానికి 3, తర్వాత 2, 1, 0. ఒక హీట్‌కి 6 పాయింట్లు, 15 హీట్లకి 90. అంటే 46 వస్తే మ్యాచ్ గెలిచినట్టే. సొంత జట్టు హెల్మెట్ రంగులు ఎరుపు, నీలం. వచ్చిన జట్టువి తెలుపు, పసుపు. ఆరేళ్ళ పిల్లకి ఈ పాటి తెలిస్తే చాలు, మొదటి రాత్రి గడిచిపోతుంది.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లకైతే ప్రోగ్రామ్ పుస్తకం కొనివ్వండి, పెన్ను ఇంటినుంచే తీసుకెళ్ళండి. మొత్తం సీజన్‌లో పిల్లలకి అందే అసలైన సంపద ఇదేనని మా అభిప్రాయం. ప్రతి హీట్‌కీ నాలుగు గళ్ళుంటాయి. ఎవరు ఎక్కడ వచ్చారో రాయాలి, అనౌన్సర్ చెప్పిన సమయం వేయాలి, జట్టు స్కోరు కూడుకుంటూ పోవాలి. రైడర్ పడిపోతే ఎఫ్, రిఫరీ తీసేస్తే ఎక్స్. రెండు నిమిషాల హెచ్చరిక మోగాక గడువులోగా గీత దగ్గరికి రాకపోతే ఆ హీట్ నుంచి తీసేస్తారు, అప్పుడు ఎమ్. స్టార్ట్ గీతకి అడ్డంగా ఉన్న టేపు పైకి లేవకముందే దాన్ని తాకితే టి. టేపు తెంచినవాడు 15 మీటర్లు వెనకనుంచి మొదలుపెట్టాలి, లేదా అతని బదులు రిజర్వు దిగాలి.

పిల్లలు ఎక్కువగా తప్పు రాసేది బోనస్ పాయింట్ దగ్గర. సహచరుడి వెనకే, మధ్యలో ప్రత్యర్థి లేకుండా, కనీసం ఒక ప్రత్యర్థికి ముందు గీత దాటినవాడికి ఒక బోనస్. ఎరుపు మొదట, నీలం రెండో స్థానం అయితే నీలానికి 2, పక్కన 1. తెలుపు గెలిచి ఎరుపు రెండు, నీలం మూడు అయినా నీలానికి బోనస్ ఉంది. ఎరుపు గెలిచి, మధ్యలో తెలుపు దూరి, నీలం మూడో స్థానంలో వస్తే లేదు. ఈ బోనస్ జట్టు స్కోరులో కలవదు, రైడర్ లెక్కలోకే వెళ్తుంది. చాలామంది పిల్లలు దాన్ని జట్టు మొత్తంలో కలిపేసి, చివరికి 90 దాటిందేమిటని తికమకపడతారు. 90 దాటితే ముందు బోనస్‌లే వెతకమనండి.

రైడర్ సగటు తీయడం కాస్త పెద్ద పిల్లల పని. పాయింట్లూ బోనస్‌లూ కలిపి, హీట్ల సంఖ్యతో భాగించి, 4తో గుణించాలి. 20 హీట్లలో 38 పాయింట్లు, 4 బోనస్‌లు తెచ్చుకున్నవాడి సగటు 8.40. జట్టు కట్టేటప్పుడు ఏడుగురి సగటుల మొత్తం లీగ్ పెట్టిన పరిమితి దాటకూడదు. పరిమితి ఏటా మారొచ్చు. అందుకే బాగా రాణించిన రైడర్‌ని మరుసటి ఏడాది అదే జట్టు అట్టిపెట్టుకోలేకపోవచ్చు. చలికాలంలో అభిమాన రైడర్ వేరే జట్టుకి వెళ్ళిపోయాడని పిల్ల ఏడిస్తే కారణం చాలాసార్లు ఈ లెక్కే. అది ముందే తెలిసిన పిల్లకి బాధ కొంత తగ్గుతుంది. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకోండి. లెక్క తప్పిన ప్రతిసారీ దిద్దబోకండి. ట్రాక్ దగ్గర ట్యూషన్ మొదలుపెడితే పిల్ల వచ్చే వారం రానంటుంది. తప్పు చివర్లో దానంతటదే బయటపడుతుంది.

ఎక్కడ నిలబడాలి? మొదటి మలుపు దగ్గర ఉత్కంఠ ఎక్కువ, ఎగిరిపడే షేలూ ఎక్కువే. చిన్నపిల్లలతో వెళ్ళినప్పుడు స్టార్ట్ గీతకి ఎదురుగా, మెట్లమీద కాస్త వెనగ్గా నిలబడండి. పిల్లల సైజు చెవి మఫ్‌లు తప్పనిసరి. దూది, పెద్దల ఇయర్‌ప్లగ్‌లు పిల్లల చెవుల్లో నిలవవు. మలుపు దగ్గర నిలబడాలని పట్టుపడితే కళ్ళకి చవకరకం గాగుల్స్ పెట్టి, హుడ్ ఉన్న పాత కోటు వేయండి. తెల్ల బట్టలు వద్దు. షేల్ మరక తడిమీద రుద్దితే దారాల్లోకి దిగిపోతుంది. పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, చల్లనీళ్ళలో నానబెట్టాక ఉతకాలి. వేడినీళ్ళు పోస్తే మరక మొండికేస్తుంది.

సీజన్ మార్చి చివర్లో మొదలవుతుంది, ఆ రాత్రులు చలికాలంలాగే ఉంటాయి. పగలు ఎండ చూసి పలచటి జాకెట్‌తో బయల్దేరితే తొమ్మిది గంటలకి పిల్లలు వణికిపోతారు. కాంక్రీటు మెట్లమీద గంటల తరబడి నిలబడితే చలి ముందు పాదాలకే ఎక్కుతుంది. రెండు జతల సాక్సులు వేయండి. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, అమ్మమ్మలని తీసుకెళ్ళాలంటే జూన్, జూలై మంచిది. మడత కుర్చీ అనుమతిస్తారో లేదో ముందే అడగండి.

వాన సంగతి వేరే చెప్పాలి. షేల్‌కి తడి అవసరమే, ట్యాంకర్‌తో నీళ్ళు చల్లుతూనే ఉంటారు. పొడిగా ఉంటే దుమ్ము లేచి వెనకున్నవాడికి దారి కనిపించదు. కానీ వాన ఎక్కువైతే నీళ్ళు నిలిచి మలుపులో చక్రం ఊహించని చోట పట్టు దొరకబుచ్చుకుంటుంది, రైడర్ కంచెకి కొట్టుకుంటాడు. అందుకే మ్యాచ్ రద్దవుతుంది. బయల్దేరే ముందు క్లబ్ ప్రకటన చూడండి, సగంలో ఆగిపోతే టికెట్ ముక్క పారేయకండి. మళ్ళీ రానిచ్చే నియమం క్లబ్బుని బట్టి ఉంటుంది.

కొన్ని హీట్లకొకసారి ట్రాక్టర్ వచ్చి, కంచె వైపు చేరిన షేల్‌ని మళ్ళీ లోపలికి లాగుతుంది. చాలామంది ఆ సమయంలో చిప్స్ కోసం వెళ్తారు. పిల్లల్ని అప్పుడే ట్రాక్ చూడమనండి. స్టార్ట్ గీత మీద రైడర్లు నిలబడే నాలుగు చోట్లనీ గేట్లంటారు, నాలుగోది కంచె వైపుది. షేల్ బయటకి పేరుకున్నప్పుడు నాలుగో గేటునుంచి లేచినవాడికి కంచె పక్కన మంచి పట్టు దొరుకుతుంది. ట్రాక్టర్ తిరిగాక లోపలి గేట్లకి బలం వస్తుంది. ఇది గమనించిన పిల్ల తర్వాతి హీట్ ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పడం మొదలుపెడుతుంది. పక్కన నిలబడిన స్థానిక పెద్దాయన ఆ మాటకి తల తిప్పి చూస్తాడు, మాట కలుపుతాడు. మన పిల్లలు ఊళ్ళోవాళ్ళయ్యేది అక్కడే. ఫుట్‌బాల్‌లోలా రెండు జట్ల అభిమానులని వేరు చేసి నిలబెట్టరు, పక్కపక్కనే నిలబడి ప్రోగ్రామ్‌లు సరిచూసుకుంటారు.

తిండి దగ్గర ఇబ్బంది శాకాహారులకి. అక్కడి తినుబండారాల బండిలో చిప్స్ వేయించే నూనెలోనే సాసేజ్‌లు కూడా వేయిస్తుండొచ్చు, అడిగితే దాచకుండా చెబుతారు. పులిహోర, చపాతీ చుట్టలు, ఫ్లాస్క్‌లో పాలు తీసుకెళ్ళడం తేలిక, గాజు సీసాలు మాత్రం వద్దు. పిల్లలు పులిహోర డబ్బా అందరి ముందూ తెరవడానికి సిగ్గుపడితే బలవంతపెట్టకండి, కార్లో తిననివ్వండి. రెండు మూడు నెలలకి పక్కవాళ్ళకి వాళ్ళే పెడతారు.

పిల్లల ప్రశ్నల్లో కష్టమైనది ప్రమాదాల గురించి. ఎర్ర దీపాలు వెలగగానే హీట్ ఆగిపోతుంది. ఎవరివల్ల ఆగిందో రిఫరీ తేల్చి, వాళ్ళని తీసేసి మిగతావాళ్ళతో మళ్ళీ నడిపిస్తాడు. మొదటి మలుపులో అందరూ గుమిగూడి పడితే తప్పెవరిదీ కాదని నలుగురినీ మళ్ళీ రమ్మనవచ్చు. అంబులెన్స్ ఆసుపత్రికి వెళ్ళిపోతే దాని స్థానం భర్తీ అయ్యేదాకా పందెం ఉండదు. ఈ క్రమం ముందే చెప్పి ఉంచితే ఆ నిశ్శబ్దంలో పిల్లలు అంతగా భయపడరు. 'ఏమీ కాదులే' అనకండి. ఒకప్పుడు పూల్ అభిమానులకి ప్రాణమైన డార్సీ వార్డ్ 2015లో పోలండ్‌లో పడి నడక కోల్పోయాడు. గాలి నింపిన కంచెలు, వెన్ను కవచాలు, కుడి మణికట్టుకి కట్టి ఉండి పడగానే ఇంజిన్ ఆపేసే తాడు ఎందుకున్నాయో వివరించండి, ఉన్నా ప్రమాదం పూర్తిగా పోదని కూడా చెప్పండి. ఐదేళ్ళలోపు పిల్లలకి ఇది తొందరే.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. మన రైడర్ నిన్న వేరే జట్టుకి ఎందుకు ఆడాడు? ఒకే రైడర్ పై శ్రేణిలో ఒక జట్టుకీ ఈ శ్రేణిలో ఇంకో జట్టుకీ ఆడటం ఇక్కడ మామూలే. దానికితోడు పోలండ్, స్వీడన్, డెన్మార్క్ లీగులు. ఇంటికి వేల మైళ్ళ దూరంలో బతికే ఆస్ట్రేలియా కుర్రాళ్ళు ఈ జట్లలో ఎందరో. నువ్వు ఎటువైపు అని వాళ్ళని ఎవరూ నిలదీయరు. ఎడిన్‌బరో మోనార్క్స్ సొంత నగరంలో ట్రాక్ పోయి, 1997 నుంచి వెస్ట్ లోథియన్‌లోని ఆర్మడేల్‌లో ఆడుతున్నారు, పేరు మార్చుకోలేదు. ఇండియానా, ఇంగ్లండా అని బళ్ళో అడిగించుకునే పిల్లలకి ఇవన్నీ ఉపన్యాసం లేకుండానే అర్థమవుతాయి. దాన్ని మనం విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

పంచాంగం విషయం. మ్యాచ్‌ల తేదీలు వచ్చిన రోజే మన పండగలు పక్కన రాసుకోండి. సీజన్ ఉగాది రోజుల్లో మొదలై, ప్లేఆఫ్‌లు బతుకమ్మ, దసరా రోజుల్లో పడతాయి. సంఘం వేడుకలు ఎక్కువగా శని, ఆదివారాల్లో. గ్లాస్గో, ఆర్మడేల్ శుక్రవారం ఆడే ట్రాక్‌లు కాబట్టి గొడవ తక్కువ. బెర్విక్ శనివారం, అక్కడ ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలో పిల్లలతో ముందే మాట్లాడండి, ఒకసారి అటు, ఒకసారి ఇటు అయినా సరే. పూల్ బుధవారం ఆడుతుంది, మర్నాడు బడి. పదో హీట్ తర్వాత లేపి తీసుకొచ్చే బదులు బడి సెలవుల్లోనే వెళ్ళండి. చివరి హీట్లు చూడనివ్వకపోతే వెళ్ళి లాభం లేదు.

జట్టు నిలుస్తుందన్న భరోసా కూడా ఇవ్వకండి. వర్కింగ్టన్ కామెట్స్ 2018లో లీగ్, నాకౌట్ కప్, షీల్డ్ మూడూ గెలిచి మరుసటి ఏడాది బరిలోనే లేరు. న్యూకాజిల్ డైమండ్స్ 2022లో సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. ట్రాక్ భూమి వేరొకరిది కావడం, టికెట్ల వసూళ్ళు చాలకపోవడం ఇలాంటి మూతలకి మామూలు కారణాలు.

తానూ నడుపుతానని పిల్ల అడిగితే కాదనే ముందు విచారించండి. చిన్నవాళ్ళకి 125, 250 సీసీ తరగతులున్నాయి, శిక్షణ రోజుల్లో కొన్నిచోట్ల బండి అద్దెకిస్తారు. మొదటి సారికే బండి కొనకండి. బండి ధర కంటే వెనక టైర్లు, ఇంజిన్ సర్వీసింగ్, ప్రయాణాలే జేబు ఖాళీ చేస్తాయి. మిథనాల్ చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరే విషం, పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు. ఇంధనం పోసేటప్పుడు చేతులకి గ్లవ్స్, పక్కన మంటలార్పే సిలిండర్ లేని చోట పిల్లల్ని దిగనివ్వొద్దు. మ్యాచ్ అయ్యాక చాలా ట్రాక్‌లలో పిట్స్, అంటే బండ్లు సిద్ధం చేసుకునే చోటు, చూడనిస్తారు. అక్కడ ఒక మెకానిక్ వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) మార్చడం పక్కనుంచి చూపించండి. పళ్ళు ఎక్కువున్నది వేస్తే గేటునుంచి లేవడం చురుగ్గా ఉంటుంది, తిన్నటి దారిలో వేగం తగ్గుతుంది. 260 మీటర్ల ఆర్మడేల్‌కి సరిపోయిన స్ప్రాకెట్ 368 మీటర్ల బెర్విక్‌కి పనికిరాదు. నడపడం కంటే ఈ పనే నచ్చే పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళకి సహాయకులుగా చేరే వయసెంతో ఆ రాత్రే క్లబ్బువాళ్ళని అడగండి.