ఆటలో అందరికీ ఇల్లు ఎందుకు ఉండదు?

వేలమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఇల్లు యుద్ధానికి పనికొచ్చే వస్తువు కాదు. అది ఉన్నంత మాత్రాన కత్తికి పదును పెరగదు, రాక్షసుడు తొందరగా చావడు. అయినా ఇళ్ల కొరత గురించి ఆటగాళ్లు పడే బాధ మరే విషయంలోనూ ఇంతగా కనిపించదు. నాకు అర్థమైనంతవరకు కారణం ఇది: ఈ ఆటల్లో మనం సంపాదించే దాదాపు ప్రతి వస్తువుకూ ఆయుష్షు తక్కువ. నెలల తరబడి కష్టపడి సాధించిన ఆయుధం, కొత్త ఎక్స్‌పాన్షన్ (ఆటకు కొత్త ప్రాంతాలు, కథ చేర్చే పెద్ద విస్తరణ) వచ్చిన వారానికే, అందులోని మొదటి ఊళ్లో దొరికే మామూలు ఆయుధం ముందు వెలవెలబోతుంది. ఇల్లొక్కటే అలా పాతబడదు. ఏ కుర్చీ ఎక్కడ వేశామో, ఏ గోడకు ఏ రంగు ఎంచుకున్నామో అది ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. ఆ లోకంలో మనం గడిపిన కాలానికి మిగిలే ఏకైక గుర్తు అది. అందుకే ఇల్లు దొరకని ఆటగాడికి, ఈ లోకంలో నువ్వు పోరాడవచ్చు గాని నివసించడానికి వీల్లేదని ఎవరో చెప్పినట్టు అనిపిస్తుంది.

ఈ కొరతను అర్థం చేసుకోవడానికి ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆట కంటే మంచి ఉదాహరణ లేదు. అందులో 2013 డిసెంబరులో వచ్చిన 2.1 ప్యాచ్‌తో (ఆటకు వచ్చే మార్పుల విడతను ప్యాచ్ అంటారు) ఇళ్లు మొదలయ్యాయి. మొదట ఫ్రీ కంపెనీలకు, అంటే ఆ ఆటలోని గిల్డులకు (కలిసి ఆడే ఆటగాళ్ల బృందాలకు) మాత్రమే ఇచ్చి, వ్యక్తులకు తరువాత అవకాశం కల్పించారు. ఇళ్లన్నీ వార్డుల్లో ఉంటాయి. ఒక్కో వార్డుకు 60 ప్లాట్లు. ఇప్పుడు అయిదు నివాస ప్రాంతాలు, ఒక్కో ప్రాంతంలో 30 వార్డులు ఉన్నాయి కాబట్టి ఒక సర్వర్ (ఆట లోకానికి ఒక విడి నకలు) మొత్తానికి 9,000 ప్లాట్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ రద్దీగా ఉండే సర్వర్లలో ఆడేవాళ్ల సంఖ్యతో పోలిస్తే అది చాలదు, పైగా వీటిలో అత్యధికం చిన్న ప్లాట్లు. పెద్ద ఇల్లు కట్టుకోగలిగిన స్థలాలు వార్డుకు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇల్లు లేనివాళ్ల కోసం 2016లో అపార్ట్‌మెంట్లు వచ్చాయి, అయిదు లక్షల గిల్ (ఆ ఆటలోని డబ్బు) ఇస్తే ఒక గది వస్తుంది. కానీ దానికి తోట లేదు, బయటి గోడ లేదు, దారిన పోయేవాడికి కనిపించే ముఖమే లేదు.

ఇప్పుడు స్థలాలను లాటరీలో ఇస్తున్నారు. అది రాకముందు స్థలం దొరికే పద్ధతి మరీ దారుణంగా ఉండేది. ఖాళీ అయిన ప్లాటు ఎప్పుడు అమ్మకానికి వస్తుందో తెలియకుండా దానికి ఒక రహస్య గడువు పెట్టేవారు. ఆ గడువు ఏ క్షణాన ముగుస్తుందో తెలియదు కాబట్టి జనం ఆ ప్లాటు ముందున్న బోర్డు చుట్టూ గుమిగూడి, గంటల కొద్దీ దాన్నే నొక్కుతూ నిలబడేవారు. నిద్రకు లేచి వెళ్లినవాడు ఓడిపోయినట్టే. మనుషుల మధ్యలో, అలుపెరగకుండా నొక్కే బాట్ ప్రోగ్రాములు కూడా నిలబడి ఉండేవి. ఆటల్లో కష్టపడడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కష్టమైన యుద్ధంలో యాభైసార్లు ఓడినా ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకుంటాం. ఒక బోర్డును నొక్కుతూ రాత్రంతా మేల్కొని ఉండడంలో నేర్చుకునేది ఏమీ లేదు.

2022 ఏప్రిల్‌లో 6.1 ప్యాచ్‌తో లాటరీ వచ్చింది. అయిదు రోజులు పేర్లు నమోదు చేసుకోవాలి, తరువాతి నాలుగు రోజులు ఫలితాలు చూసుకోవాలి. తొలి విడతలోనే సాంకేతిక లోపం వల్ల కొన్ని ప్లాట్లకు గెలిచిన అంకెగా సున్నా కనిపించింది. సున్నా నంబరు ఎవరికీ ఇవ్వలేదు గనుక ఎవరూ గెలవలేదు. దాన్ని తరువాత సరిదిద్దారు. బోర్డు ముందు కాపలా కంటే లాటరీ ఎంతో మేలైనదని నేను నిస్సందేహంగా ఒప్పుకుంటాను. ఉద్యోగం చేసేవాడికీ రోజంతా తీరిక ఉన్నవాడికీ అది సమానమైన అవకాశం ఇస్తుంది. అయితే అది కొరతను కాస్త న్యాయంగా పంచిందే తప్ప తగ్గించలేదు. పదే పదే పేరు వేసి పదే పదే ఓడినవాడికి, ఈసారి అన్యాయం జరగలేదన్న మాట పెద్ద ఓదార్పు కాదు.

దక్కినవాళ్లకైనా నెమ్మది ఉందా అంటే, అదీ లేదు. యజమాని 45 రోజులపాటు ఇంట్లో అడుగు పెట్టకపోతే ఆ ఇల్లు దానంతట అదే కూలిపోతుంది. స్థలానికి పెట్టిన ధరలో 80 శాతం వెనక్కి వస్తుంది, సామాను 35 రోజులలోపు తీసుకోవచ్చు, కానీ స్థలమూ అమరికా పోతాయి. కరోనా మొదలైన 2020లోనూ, ఆ తరువాత కొన్ని పెద్ద విపత్తుల సమయంలోనూ ఈ నియమాన్ని తాత్కాలికంగా ఆపారు. ఆపవలసి వచ్చిందంటేనే, నిజ జీవితంలో ఇబ్బంది వచ్చినవాడిని ఈ నియమం ఎలా శిక్షిస్తుందో నడిపేవాళ్లకు కూడా తెలుసునని అర్థం. మరి లోకమంతటికీ తెలిసే విపత్తు కాకుండా, ఒక్క మనిషికి ఒంటరిగా వచ్చే విపత్తు సంగతేమిటి? ఇలాంటి నియమమే ఉన్న మరో ఆటలో, నాకు బాగా తెలిసిన ఒక గిల్డు నాయకురాలు తల్లి అనారోగ్యం వల్ల చాలాకాలం ఆటకు దూరమై, తిరిగి వచ్చేసరికి ఆ స్థలంలో వేరొకరి ఇల్లు ఉంది. ఆమె సామాను కోసం బాధపడలేదు. గిల్డులో అందరూ కలిసి తలా ఒక మూల అలంకరించిన హాలు మళ్లీ అదే రూపంలో రాదని బాధపడింది.

కొరత ఉన్నచోట పోగుచేసుకోవడం కూడా ఉంటుంది. ఫైనల్ ఫాంటసీ 14లోనే ఒక సర్వర్‌లో ఇద్దరు ఆటగాళ్లు కలిసి 28 ఇళ్లు సొంతం చేసుకున్న సంగతి 2018లో గేమింగ్ పత్రికల దాకా వెళ్లింది. వాళ్లు దొంగతనం చేయలేదు. అప్పటికి ఉన్న నియమాలు వీలు కల్పించాయి, ఖాళీగా పడి ఉన్న స్థలాలు తీసుకున్నామని వాళ్లు తమ వాదన చెప్పుకున్నారు. కోపం వాళ్ల మీదికి మళ్లింది గాని, నన్నడిగితే అది మళ్లవలసిన చోటు వేరు.

నిజానికి ఈ కథ చాలా పాతది. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో ఇళ్లను ప్రత్యేక వార్డుల్లో కాకుండా నేరుగా ఆట నేల మీదే కట్టుకునేవారు. నేల నిండిపోయింది. ఇళ్లు అసలు డబ్బుకు వేలం సైట్లలో చేతులు మారాయి. పట్టించుకోని ఇల్లు క్రమంగా శిథిలమై చివరికి కూలేది. కూలబోయే ఇల్లు ఎక్కడుందో కనిపెట్టి, లోపలి సొత్తు కోసం, ఆ స్థలం కోసం జనం చుట్టూ కాపు వేసేవారు. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్‌లో గ్రహాలకు గ్రహాలే తెరిచి ఉన్నా, ఊళ్ల చుట్టుపక్కల యజమానులు వదిలేసి పోయిన ఇళ్లు బారులు తీరి కనిపించేవి. ఆర్కేజ్ 2014లో పాశ్చాత్య దేశాల్లో విడుదలైనప్పుడు భూమి కావాలంటే సబ్‌స్క్రిప్షన్ ఉండి తీరాలన్నారు, మీద పన్ను కూడా వేశారు. నేలకు హద్దు పెట్టిన ప్రతిచోటా ముందు వచ్చినవాడు యజమాని అయ్యాడు, తరువాత వచ్చినవాడు చూస్తూ ఉండిపోయాడు.

దీనికి రెండో మార్గం కూడా చాలాకాలంగా ఉంది. 2004లో ఎవర్‌క్వెస్ట్ 2, 2006లో రూన్‌స్కేప్, 2012లో రిఫ్ట్, 2014లో వైల్డ్‌స్టార్, 2017లో ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ ఇళ్లను లోకం నుంచి విడదీసి, ఎవరి ఇల్లు వాళ్లకు వేరుగా తెరుచుకునేలా చేశాయి. అక్కడ ఇల్లు అయిపోవడమన్న ప్రశ్నే లేదు. కానీ కిటికీలోంచి చూస్తే పొరుగువాడు కనిపించడు, దారిన పోయేవాడు తలుపు తట్టడు. కొరత కూడా పూర్తిగా పోలేదు, రూపం మార్చుకుంది. స్థలాలకు బదులు సామానుకు పరిమితి వచ్చింది. ప్రతి కుర్చీనీ సర్వర్ గుర్తుపెట్టుకోవాలి, ప్రతి దీపాన్నీ చూసేవాడి యంత్రం గీయాలి కాబట్టి ఏదో ఒక హద్దు అవసరమని నేను కాదనను. అయితే ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో అదే ఇంట్లో నెలనెలా చందా కట్టేవాడికి పరిమితి రెట్టింపు అయినప్పుడు, ఆ హద్దు పూర్తిగా యంత్రం పెట్టినదేనని నమ్మడం కష్టం.

ఇరుగుపొరుగు ఉండాలంటే స్థలాలు పరిమితంగా ఉండక తప్పదన్నది వార్డుల పద్ధతిని సమర్థించేవాళ్ల ప్రధాన వాదన. నేను ఈ వాదనను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే వీధిలాంటి వీధి ఉన్న ఆట నాకూ ఇష్టం. ఎవరో ముంగిట్లో పెంచిన తోట చూసి లోపలికి వెళ్లడం, ముక్కూముఖం తెలియని మనిషి మన ఇంటి సందర్శకుల పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాసి పోవడం ఎంతో బాగుంటుంది. అయితే కొరత ఉన్న వార్డులో ఒక సాయంత్రం నడిచి చూడండి. అరవై ఇళ్లకూ యజమానులు ఉంటారు, వీధిలో మనిషి ఉండడు. చాలామంది నెలకోసారి వచ్చి, తలుపు తీసి, గడువు మళ్లీ మొదలైందని చూసుకుని వెళ్లిపోతారు. స్థలం పోతే మళ్లీ దొరకదన్న భయంతో, ఆట మీద ఆసక్తి పోయినవాళ్లు కూడా చందా కడుతూ ఇంటిని పట్టుకుని ఉంటారు. రోజూ ఆడుతూ, ఆ వీధిని సందడిగా ఉంచగలిగినవాళ్లు బయట లాటరీ వేసుకుంటూ ఉంటారు. ఏ ఇరుగుపొరుగు కోసం కొరతను భరించమంటున్నారో, ఆ కొరతే దాన్ని చంపేస్తోంది.

అరుదైనదానికే విలువ అనే మాట కూడా వింటాను. అరుదైన ఆయుధం విలువ దాన్ని సాధించిన నైపుణ్యంలో ఉంది. లాటరీలో వచ్చిన స్థలానికి ఆ విలువ లేదు. ఆ ఇంటి గొప్పతనమంతా లోపల దాన్ని అమర్చిన చేతిలో ఉంది, అలాంటి చేతులు ఇల్లు లేక ఇంకా ఎన్ని ఊరికే ఉన్నాయో లెక్క లేదు.

ఈ రెండు మార్గాల మధ్య మూడోది సాధ్యమేనని లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ 2007లోనే చూపింది: ఇళ్లు పేటలుగా ఉంటాయి, అలాంటి పేటలు ఒకే నమూనాలో ఎన్నో ఉంటాయి. 2021లో వచ్చిన న్యూ వరల్డ్ ఊరి నడుమనున్న ఒకే ఇంటిని ఎంతమందైనా కొనుక్కోనిచ్చి, బయటికి మాత్రం అలంకరణలో ఎక్కువ పాయింట్లున్నవారి ఇంటిని చూపింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అయితే 2004 నుంచి ఇళ్లు లేకుండానే నడిచి, చివరికి 2025 డిసెంబరులో వాటిని ముందస్తుగా తెరిచింది. సుమారు 50 ఇళ్లకు ఒక పేట, అవసరాన్ని బట్టి కొత్త పేటలు, అందరికీ ఇల్లు, లాటరీ లేదు, భారమైన నిర్వహణ ఖర్చు లేదు అని తయారీదారులు ముందే చెప్పారు. పొరుగువాళ్లు ఉంటూనే ఇళ్లు అయిపోకుండా ఉండడం కుదురుతుందని తేలింది కాబట్టి, ఇక కుదరదన్న సమాధానం చెల్లదు.

పాత ఆటలను పునాదుల నుంచి తిరగరాయడం సులభం కాదని నాకు తెలుసు. మంచి చోటు, సముద్రం కనిపించే మూల కొందరికే దక్కితే నాకు ఫిర్యాదు లేదు. ప్రతి ఆటగాడికీ ఒక ఇల్లు మాత్రం ఉండాలి. అది వెంటనే వీలుకాకపోతే కనీసం కూల్చివేతనైనా మార్చవచ్చు. స్థలాన్ని తీసుకుని వేరొకరికి ఇవ్వండి, కానీ గోడలతో సహా లోపలి అమరికనంతా ఉన్నదున్నట్టు భద్రపరిచి, యజమాని ఎప్పుడు తిరిగి వచ్చినా, ఏ వార్డులో స్థలం దొరికినా దాన్ని అక్కడ యథాతథంగా నిలబెట్టుకోనివ్వండి. వస్తువుల జాబితానూ, అవి ఉన్న చోట్లనూ దాచడానికి పట్టే జాగా స్వల్పమే. ఆ ఒక్క సదుపాయం ఉంటే మా గిల్డు నాయకురాలి హాలు ఈపాటికి మరో వీధిలో లేచి ఉండేది.